రీడ్-ఓన్లీ ఫైల్ దిద్దాక సేవ్ అవ్వట్లేదు, వేరే పేరు అడుగుతోంది. అసలు ఎక్కడ ఆగుతోంది?

గంటస్తంభం డీటీపీ, విజయనగరం:

నమస్తే అందరికీ. మాది గంటస్తంభం దగ్గర చిన్న డీటీపీ, జెరాక్స్ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు, సంఘాల సావనీర్లు, ఇవే మా పని. సిరిమానోత్సవం దగ్గర పడిందంటే ఇక ఊపిరాడదు. ఇప్పుడెవరూ రాతప్రతి తేవట్లేదు, ఫైలే తెస్తున్నారు. ఒకరు వాట్సాప్‌లో, ఒకరు మెయిల్‌లో, ఒకరు పెన్‌డ్రైవ్‌లో. తలనొప్పి అక్కడే మొదలవుతోంది.

ఫైల్ బాగానే తెరుచుకుంటుంది. అక్షరదోషాలు దిద్దుతాం, పేజీలు సర్దుతాం, ఫొటోలు పెడతాం, అంతా అయ్యాక కంట్రోల్ ఎస్ నొక్కితే సేవ్ అవ్వకుండా సేవ్ యాజ్ బాక్స్ వస్తుంది. అదే పేరు ఇస్తే ఇది రీడ్-ఓన్లీ (చదవడానికి మాత్రమే), ఇంకో పేరు ఇవ్వమంటుంది. షాపులో కుర్రాడు తొందరలో ఉంటాడు, పేరు చివర ఒకటి అంకె తగిలించి, ఆ బాక్స్‌లో ఏ ఫోల్డర్ కనిపిస్తే అందులోనే పడేస్తాడు. సాయంత్రం పార్టీ, అంటే పని ఇచ్చినవాళ్లు, రెండో ప్రూఫ్‌కి వచ్చేసరికి మేం తెరిచేది పాత ఫైల్, పొద్దున్న దిద్దిన తప్పులన్నీ అందులో అలాగే ఉంటాయి. ఈమధ్య ఒక స్కూలు పూర్వ విద్యార్థుల సావనీర్‌కి ఇదే జరిగింది. దాతల పేజీలో ఇంటిపేరు ఒక కాపీలో దిద్ది ఉంది, ఫొటో కింద హోదా ఇంకో కాపీలో దిద్ది ఉంది. ఆ కమిటీ పెద్దాయన రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టుకుని, ఎర్ర పెన్నుతో మళ్లీ మొదటి పేజీ నుంచి గుర్తులు పెట్టుకుంటూ వచ్చారు. చూస్తే నాకు చాలా బాధనిపించింది.

ఇప్పుడు అడిగేది ఏంటంటే, కొన్ని ఫైళ్లకే ఇలా ఎందుకవుతుంది? ఆ గుర్తు పెట్టేది పార్టీయా, మా సిస్టమా? ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ దగ్గర నల్లటి చదరం కనిపించింది, తీసేసి అప్లై కొట్టాను, మళ్లీ తెరిస్తే అలాగే ఉంది. దాన్ని ఎలా తీయాలి? ఇంకో మాట, సేవ్ చేయడం కుదరదని పనంతా అయ్యాక చెప్పే బదులు ఫైల్ తెరవగానే చెప్పొచ్చు కదా. ఇన్నేళ్ల సాఫ్ట్‌వేర్‌కి ఆ మాత్రం తెలియదా?

నరసన్నపేట మాస్టారు:

తమ్ముడూ, ముందు ఆ నల్ల చదరం సంగతి వదిలెయ్యి. విండోస్‌లో ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో కనిపించే ఆ చదరం ఫోల్డర్‌కి సంబంధించింది కాదు. లోపలున్న ఫైళ్లన్నిటికీ ఆ గుర్తు ఒకేసారి పెట్టడానికో తీయడానికో ఇచ్చిన మీట అది. నువ్వు తీసి అప్లై కొడితే లోపలి ఫైళ్లకి తీసేస్తుంది, చదరం మాత్రం తర్వాత తెరిచినప్పుడు మళ్లీ అలాగే కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు. చూడాల్సింది ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి వచ్చే ప్రాపర్టీస్. అక్కడ రీడ్-ఓన్లీకి టిక్ ఉంటే అది నిజం గుర్తే, టిక్ తీసేస్తే సరిపోతుంది.

కానీ నీకు జరిగేది చాలావరకు ఇది కాదనుకుంటున్నాను. మీ కుర్రాడు ఫైల్‌ని ఎక్కడి నుంచి తెరుస్తున్నాడో ఒకసారి పక్కన నిలబడి చూడు. కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి, అందులో ఫైల్ మీదే నొక్కుతున్నాడా? అలా నొక్కితే తెరుచుకునేది ఆ యాప్ తనకోసం ఎక్కడో లోపల ఫోల్డర్‌లో దాచుకున్న కాపీ. మెయిల్ కూడా అంతే. అవుట్‌లుక్‌లో అటాచ్‌మెంట్ మీద నేరుగా నొక్కితే దాన్ని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి రీడ్-ఓన్లీగా తెరుస్తుంది. జిప్ ఫైల్‌ని విప్పకుండా లోపలున్న డాక్యుమెంట్ మీద డబుల్ క్లిక్ చేసినా అదే కథ. ఒక రకంగా ఇది మన మంచికే. అక్కడ సేవ్ చేయనిస్తే, నువ్వు సేవ్ అయిందనుకున్న ఫైల్ టెంప్ ఫోల్డర్‌లో ఉండి, రేపు ఎవరో డిస్క్ క్లీనప్ కొడితే మొత్తం పోతుంది.

అందుకని షాపులో ఒక పద్ధతి పెట్టు. ఏ ఫైల్ వచ్చినా ముందు డౌన్‌లోడ్ చేసి, ఆ పార్టీ పేరుతో, తేదీతో ఫోల్డర్ తీసి, అందులో పడేసి, అక్కడి నుంచి మాత్రమే తెరవాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదైనా సరే. తెరిచాక ఒక్క అక్షరం కొట్టే ముందు పైన టైటిల్ బార్‌లో ఫైల్ పేరు పక్కన ఏముందో చదవమను. వర్డ్ అయితే అక్కడ రీడ్-ఓన్లీ అని రాసే ఉంటుంది. అంటే నువ్వడిగినట్టు తెరవగానే చెప్తోంది, కాకపోతే ఎవరూ చూడని చోట చిన్న అక్షరాల్లో చెప్తోంది.

పసుపు పట్టీ వచ్చి ఎనేబుల్ ఎడిటింగ్ అని అడిగేది మాత్రం వేరే విషయం, దీంతో కలపొద్దు. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైల్‌కి విండోస్ వెనకాల ఒక చీటీ తగిలిస్తుంది, అది చూసి వర్డ్ ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుస్తుంది. తెలిసినవాళ్ల ఫైల్ అయితే ఆ బటన్ నొక్కాక మామూలుగానే సేవ్ అవుతుంది. అదే ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే ఆ పట్టీ రాకపోవచ్చు. ఎందుకంటే పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఉంటాయి, ఆ చీటీ నిలబడేది ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ మీదే (ఇవన్నీ డిస్క్ మీద ఫైళ్లు అమర్చే పద్ధతులు). ఒకే ఫైల్ రెండు చోట్ల రెండు రకాలుగా తెరుచుకుంటోందని మా పిల్లలు అడుగుతుంటారు, దానికి కారణం ఇదే.

టెక్కలి కుర్రోడు:

ఇంత ఎందుకు మాస్టారూ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైళ్ల గుర్తులు మార్చే అట్రిబ్ కమాండ్‌కి మైనస్ ఆర్ ఇచ్చి, సబ్ ఫోల్డర్లు కూడా కలిపి కొట్టేస్తే డీ డ్రైవ్ మొత్తం క్లీన్. నేను ఏ సిస్టమ్‌కైనా అదే చేస్తాను, మళ్లీ ఆ గోలే ఉండదు.

రాజాం నుంచి ప్రోగ్రామర్:

తమ్ముడూ, ఆ కమాండ్ పనిచేసేది ఫైల్ ప్రాపర్టీస్‌లో టిక్‌గా కనిపించే రకానికే, సేవ్ ఆపే మిగతా కారణాలకి ఏమీ చేయదు. పైగా డ్రైవ్ మొత్తం మీద కొడితే కావాలని ఎవరో పెట్టుకున్న గుర్తులు కూడా పోతాయి, ఎవరివి పోయాయో తర్వాత తెలుసుకునే దారి ఉండదు. దయచేసి షాపు సిస్టమ్‌లో అలా చేయొద్దు.

డీటీపీ అన్నా, మీరు చివర్లో అడిగిన మాట నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ప్రోగ్రాం రాసేవాళ్లు కూడా దీని మీద ఏకాభిప్రాయానికి రాలేదు. ఒక్కో ప్రోగ్రాం ఒక్కో చోట ఆపుతుంది. గూగుల్ డాక్స్‌లో వ్యూ ఓన్లీ లింక్ అయితే మొదటి అక్షరం కూడా కొట్టనివ్వదు, కావాలంటే కాపీ తీసుకోమంటుంది. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ పైన ఒక పట్టీ వేసి ఇది రీడ్-ఓన్లీ మోడ్‌లో ఉందని చెప్పి, ఎడిట్ డాక్యుమెంట్ అనే బటన్ ఇస్తుంది, అది నొక్కాక కూడా రాసే హక్కు లేదని తేలితే కాపీ మీద పనిచేస్తారా అని అడుగుతుంది. లినక్స్‌లో వాడే విమ్ అనే ఎడిటర్ టైప్ చేయనిస్తుంది కానీ మొదటి మార్పు దగ్గరే హెచ్చరిక చూపిస్తుంది, సేవ్ చేయబోతే ఒప్పుకోదు, ఆశ్చర్యార్థకం కలిపి మళ్లీ ఆదేశిస్తే అప్పుడు రాయడానికి ప్రయత్నిస్తుంది. ప్రోగ్రాంలు రాసుకునే వీఎస్ కోడ్ సేవ్ దగ్గర ఆగి, ఓవర్‌రైట్ చేయమంటారా అని బటన్ చూపిస్తుంది. వర్డ్ మాత్రం మీ ఇష్టం వచ్చినంత రాయనిచ్చి, సేవ్ దగ్గర కొత్త పేరు అడుగుతుంది.

వర్డ్ పద్ధతికి కారణం లేకపోలేదు. పాత ఉత్తరం తెరిచి పేర్లు మార్చి కొత్త ఉత్తరంగా దాచుకునేవాళ్లు ఆఫీసుల్లో లక్షల మంది ఉంటారు, వాళ్లకి అసలుది చెడకుండా ఉండాలి, టైప్ చేయడానికి అడ్డం ఉండకూడదు. కానీ మీలాగా వచ్చిన ఫైల్‌నే దిద్ది తిరిగివ్వాల్సిన వాళ్లకి ఆ పద్ధతి వల్ల కాపీలు పెరిగి, ఏది అసలుదో తెలియకుండా పోతుంది. నన్నడిగితే లిబ్రేఆఫీస్ చేసేదే న్యాయం. మనిషి కష్టపడక ముందే చెప్పాలి, కష్టపడ్డాక కాదు.

ఇక ఎక్కడ ఆగుతోంది అన్నారు. చాలామంది అనుకునేది ఏంటంటే సేవ్ నొక్కితే ఆ ఫైల్ మీదే మార్పులు రాస్తుందని. వర్డ్ అలా చేయదు. మనం రిజిస్టర్‌లో పేజీ పాడైతే పక్కన కొత్త పేజీ మొత్తం తిరగరాసి, అది పూర్తయ్యాక పాతది చించేసి కొత్తది అతికిస్తాం చూడండి, అదే పని. అదే ఫోల్డర్‌లో ఒక తాత్కాలిక ఫైల్ రాసుకుని, అంతా రాశాక పాతదాన్ని తప్పించి దీనికి ఆ పేరు పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతదైనా మిగులుతుందని అలా చేస్తారు. దీనివల్ల ఒక చిత్రమైన సంగతి ఉంది. ఫైల్‌కి రాసే హక్కు ఉన్నా, ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైల్ సృష్టించే హక్కూ పాతది తొలగించే హక్కూ లేకపోతే సేవ్ ఆగిపోతుంది. షాపులో రెండు సిస్టమ్‌లకి కలిపి ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టుకుని, దానికి పర్మిషన్లు సగం సగం ఇస్తే ఇదే జరుగుతుంది. అప్పుడు ఫైల్ ప్రాపర్టీస్‌లో ఏ టిక్కూ ఉండదు, మీరు ఎంత వెతికినా దొరకదు. ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్‌లో మాడిఫై (మార్చే, తొలగించే హక్కు) ఉందో లేదో చూడాలి.

షేర్డ్ ఫోల్డర్ ఉంటే ఇంకోటి కూడా గమనించండి. ఒక సిస్టమ్‌లో ఫైల్ తెరిచి ఉంటే వర్డ్ అదే ఫోల్డర్‌లో, కనిపించకుండా, పేరు మొదట్లో ~$ గుర్తులున్న చిన్న ఫైల్ ఒకటి పెడుతుంది, అందులో తెరిచినవాళ్ల పేరు ఉంటుంది. రెండో సిస్టమ్‌లో తెరిస్తే ఫలానావాళ్లు దిద్దుతున్నారు, రీడ్-ఓన్లీ కాపీ తెరవమంటారా అని అడిగేది దాన్ని చూసే. లిబ్రేఆఫీస్‌ది చుక్కతో మొదలై, మధ్యలో లాక్ అనే మాటతో, చివర హ్యాష్ గుర్తుతో ఉంటుంది. మామూలుగా ఫైల్ మూయగానే ఇవి వాటంతటవే పోతాయి. కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోతే మాత్రం అక్కడే మిగిలిపోతాయి, అప్పుడు ఎవరూ తెరవకపోయినా ఎవరో తెరిచి ఉన్నారనే చెప్తుంది. మన జిల్లాల్లో ఎండాకాలం, తుఫాను రోజుల్లో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, రెండు సిస్టమ్‌లలోనూ వర్డ్ పూర్తిగా మూసి ఉందని చూసుకున్నాకే ఆ చిన్న ఫైల్ తీసేయండి. నిజంగా ఎవరైనా తెరిచి ఉండగా తీసేస్తే ఒకరి పని మీద ఇంకొకరి పని పడుతుంది.

గంటస్తంభం డీటీపీ, విజయనగరం:

మాస్టారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. పక్కన నిలబడి చూశాను, కుర్రాడు వాట్సాప్‌లోంచే నొక్కి తెరుస్తున్నాడు. ఇప్పుడు పార్టీ ఫోల్డర్ తీసి అందులోంచే తెరవమన్నాను, వాట్సాప్ ఫైళ్ల సమస్య పోయింది. రాజాం అన్నా, ఆ ~$ ఫైళ్లు చూస్తే మా షేర్డ్ ఫోల్డర్‌లో పాతవి కుప్పగా ఉన్నాయి. ఇన్నాళ్లూ వైరస్ ఏమో అనుకునేవాళ్లం.

ఇంకా కొన్ని మిగిలాయి. ఒక ఆఫీసు నుంచి వచ్చే ఫైళ్లు ఎలా తెరిచినా రీడ్-ఓన్లీ అనే అంటున్నాయి, ఫైల్ ప్రాపర్టీస్‌లో టిక్ లేదు. ఇంకో పార్టీ పవర్‌పాయింట్ ఇచ్చారు, సన్మానసభకి తెర మీద వేసేది, అందులో ఫాంట్ల వల్ల ఎడిట్ చేయడానికి వీల్లేదని వస్తోంది. ఫాంట్‌కీ సేవ్‌కీ సంబంధమేంటి?

బొబ్బిలి గుమాస్తా:

ఆఫీసు ఫైల్ అంటున్నారు కాబట్టి నేను చెప్తాను, మేం అలా పెట్టి పంపేవాళ్లమే. వర్డ్‌లో ఫైల్ మెనూ, ఇన్ఫో, ప్రొటెక్ట్ డాక్యుమెంట్ దగ్గర చాలా ఉంటాయి. ఆల్వేస్ ఓపెన్ రీడ్-ఓన్లీ అని ఒకటి, మార్క్ యాజ్ ఫైనల్ అని ఒకటి, ఇవి రెండూ మర్యాదపూర్వకమైన విన్నపాలే, ఎవరైనా ఒక నొక్కుతో దాటొచ్చు. రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ అని పాస్‌వర్డ్‌తో పెట్టేది, మార్పులకి వేరే పాస్‌వర్డ్ అడిగేది, ఇవి కాస్త గట్టివి. ఇవన్నీ ఫైల్ లోపలే రాసి ఉంటాయి, అందుకే విండోస్ ప్రాపర్టీస్‌లో మీకు కనిపించవు, పెన్‌డ్రైవ్ మార్చినా సిస్టమ్ మార్చినా వెంటే వస్తాయి.

ఇక్కడ నా మనవి ఒకటి. ఇలా పంపారంటే దాని మీద ఎవరో సంతకం పెట్టి ఉండొచ్చు, లేదా అంకెలు సరిచూసి ఖరారు చేసి ఉండొచ్చు. మీరు సాయం చేద్దామనే దాటి ఒక అక్షరం దిద్దినా, రేపు ఫైల్‌లో ఉన్నదానికీ ప్రింట్‌లో ఉన్నదానికీ తేడా వస్తే జవాబు చెప్పాల్సింది మా సెక్షన్‌లో ఉన్న మనిషి. తప్పు కనిపిస్తే ఫోన్ చేయండి, మేమే దిద్ది మళ్లీ పంపుతాం. ప్రింట్‌కి మాత్రమే అయితే రీడ్-ఓన్లీగా తెరిచి ప్రింట్ ఇస్తే చాలు, దానికి ఏ అడ్డూ లేదు.

మీ సొంత నమూనాలకి మాత్రం ఈ రీడ్-ఓన్లీ గుర్తులు వాడకండి. శుభలేఖ మోడళ్లు, బయోడేటా మోడళ్లు ఉంటాయి కదా, వాటిని సేవ్ యాజ్‌లో వర్డ్ టెంప్లేట్ రకంగా దాచండి. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ప్రతిసారీ పేరులేని కొత్త డాక్యుమెంట్ వస్తుంది, అసలు మోడల్ జోలికి ఎవరూ పోరు. మా దగ్గర నోటీసుల నమూనాలన్నీ అలాగే పెట్టాక, పాత నోటీసు మీద కొత్తది సేవ్ అయిపోవడం ఆగింది.

రాజాం నుంచి ప్రోగ్రామర్:

గుమాస్తా గారు చెప్పిన టెంప్లేట్ మాట బంగారం లాంటిది, షాపులో వెంటనే అమలు చేయండి.

ఫాంట్ సంగతి. పవర్‌పాయింట్‌లోనూ వర్డ్‌లోనూ ఫాంట్‌ని ఫైల్ లోపలే పొందుపరిచి పంపొచ్చు, అవతలి సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకపోయినా అక్షరాలు చెదరవు. కానీ ఫాంట్ తయారు చేసినవాళ్లు ఆ ఫాంట్ ఫైల్‌లోనే ఎంతవరకు అనుమతి అన్నది రాసిపెడతారు. కొన్నిటిని ఇన్‌స్టాల్ కూడా చేసుకోవచ్చు, కొన్నిటితో దిద్దవచ్చు, కొన్నిటిని చూడటానికీ ప్రింట్ తీయడానికీ మాత్రమే వాడాలి, కొన్నిటిని అసలు పొందుపరచకూడదు. మూడో రకం ఫాంట్ లోపల ఉన్న ఫైల్‌ని రీడ్-ఓన్లీగానే తెరవాలన్నది ఆ నిబంధనలోనే ఉంది. పవర్‌పాయింట్ దాన్ని పాటిస్తోంది. దిద్దాలంటే ఆ ఫాంట్లు తీసేస్తానని అడుగుతుంది, ఒప్పుకుంటే ఆ ఫాంట్ మీ సిస్టమ్‌లో లేని పక్షంలో అక్షరాలు వేరే ఫాంట్‌లోకి మారి, పేజీ అమరిక మొత్తం కదిలిపోతుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాలు ఉన్న పెద్ద అక్షరాల శీర్షికలకి అది బాగా కనిపిస్తుంది, పై వరుస వచ్చి కింది వరుసని తాకుతుంది.

ఏ ఫాంట్‌కి ఎంత అనుమతో తెలుసుకోవాలంటే ఫాంట్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి, ఫాంట్ ఎంబెడబిలిటీ అని ఒక వరుస ఉంటుంది. ఆ పార్టీ ఫాంట్ కొనుక్కుని ఉంటే, దాంతో వాళ్ల సిస్టమ్‌లోనే దిద్దించి పీడీఎఫ్ తీసి ఇమ్మనండి. లేదంటే మండలి, రామభద్ర, సూరన్న, నోటో సాన్స్ తెలుగు లాంటి స్వేచ్ఛా లైసెన్స్ ఫాంట్లలోకి మార్చి చేయమనండి, వాటికి ఈ అడ్డు రాదు.

నరసన్నపేట మాస్టారు:

ఒక రెండు మాటలు కలుపుతాను, తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తాయి. ఫొటో స్టూడియోల నుంచి వచ్చే ఎస్‌డీ కార్డుకి పక్కన చిన్న మీట ఉంటుంది, అది లాక్ వైపు జరిగి ఉంటే అందులోకి ఏదీ సేవ్ కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా లాభం లేదు. పెన్‌డ్రైవ్ ఉన్నట్టుండి మొత్తం రీడ్-ఓన్లీ అయిపోతే అది చివరి దశలో ఉందని అనుకుని ముందు లోపలున్నది కాపీ తీసుకోండి, ఫార్మాట్ ప్రయత్నాలు తర్వాత. ఆఫీస్ చందా గడువు దాటినా ఫైళ్లు చూడొచ్చు, ప్రింట్ తీయొచ్చు, దిద్దడం సేవ్ చేయడం కుదరదు, అప్పుడు ఒక ఫైల్ కాదు, అన్ని ఫైళ్లకీ అలాగే ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌ని అడ్డుకోవడానికి ఒకటుంది, అది ఎవరైనా ఆన్ చేసి ఉంటే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి కొత్త ప్రోగ్రాంలని రాయనివ్వదు, దాన్ని మొత్తం ఆపేయకుండా మీ ప్రోగ్రాం ఒక్కదానికే అనుమతి ఇవ్వండి.

గంటస్తంభం డీటీపీ, విజయనగరం:

అందరికీ ధన్యవాదాలు. ఆఫీసు ఫైల్ మార్క్ యాజ్ ఫైనలే, గుమాస్తా గారూ. దిద్దకుండా వాళ్లకి ఫోన్ చేశాను, ఒక తేదీ తప్పు పడిందని చెప్తే వాళ్లే మార్చి పంపుతామన్నారు. పవర్‌పాయింట్ పార్టీ ఫాంట్ కొనలేదట, ఎవరో ఇచ్చారట, మండలిలోకి మార్చమన్నారు. శుభలేఖ మోడళ్లు ఈ రాత్రే టెంప్లేట్‌లుగా మారుస్తున్నాం. రాజాం అన్నా, మాస్టారూ, మా రెండో సిస్టమ్‌లో లిబ్రేఆఫీస్ ఉంది, అందులో వర్డ్ టెంప్లేట్ తెరిచినా కొత్త డాక్యుమెంట్‌గానే వస్తుందా?

రాజాం నుంచి ప్రోగ్రామర్:

వస్తుంది అన్నా, పేరులేని డాక్యుమెంట్‌గానే తెరుచుకుంటుంది. సేవ్ చేసేటప్పుడు రకం దగ్గర వర్డ్ డాక్యుమెంట్ ఎంచుకోండి, లేకపోతే లిబ్రేఆఫీస్ తన సొంత రకమైన ఓడీటీగా దాచుకుంటుంది, పార్టీ ఫోన్‌లో తెరుచుకోకపోతే మళ్లీ మీ దగ్గరికే వస్తారు.